అత్తయ్య కట్టిన పేలికలు, ఎవరూ ముట్టుకోని గులాబీ తీగ

సికింద్రాబాద్ నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాను.

ఆమెకు పెళ్ళయి పదకొండేళ్ళు. ఉండేది అత్తమామలు కట్టుకున్న పాత ఇంట్లో. ఎనిమిదేళ్ళ కిందట అత్తయ్య కడియం నర్సరీల నుంచి ఒక తీగ గులాబీ తెచ్చి గేటు స్తంభానికి అడుగున్నర దూరంలో నాటారు. లేత గులాబీ రంగు పూలు. కార్తీకం నుంచి ఉగాది దాకా ప్రహరీ గోడ పొడవునా గుత్తులు గుత్తులుగా పూసేవి. ఏటా వానాకాలంలో అత్తయ్య తన పాత జార్జెట్ చీరలు చింపి, ఆ పేలికలతో కొమ్మలను గోడ మీది ఇనుప కమ్మీలకు కట్టేవారు. మామయ్య నిచ్చెన పట్టుకునేవారు.

అత్తయ్య పోయి రెండున్నరేళ్ళయింది. అప్పటి నుంచి మామయ్య ఆ మొక్కను ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు, మధుమేహం ఉంది. రెండు పూటలా తానే బకెట్లతో నీళ్ళు పోస్తారు. పూలు మాత్రం పన్నెండు అడుగుల ఎత్తున, పక్కింటి బాల్కనీ వైపు నాలుగైదు కనిపిస్తాయి, అంతే. కిందంతా ముళ్ళు, ఎండు పుల్లలు. మొదట్లోంచి కొత్తగా లేతాకుపచ్చ కొమ్మలు జోరుగా లేస్తున్నాయి. వాటికి ఒక్కో ఈనెకు ఏడేసి చిన్న ఆకులు ఉన్నాయి, పువ్వు మాత్రం లేదు. నిరుడు అక్టోబరులో ఒక తోటమాలి వచ్చి మొత్తం మోకాలి ఎత్తుకు నరికేస్తానంటే మామయ్య కేకలేసి పంపేశారు.

భర్త గేటును మరో మూడు అడుగులు వెడల్పు చేయించాలంటారు. రెండో వైపు సంపు, కరెంటు మీటరు ఉన్నాయి కాబట్టి జరపాల్సింది మొక్క ఉన్న వైపే. విజయవాడలో ఉన్న ఆడపడుచు ఫోనులో "అది అమ్మ చెట్టు, ముట్టుకుంటే ఊరుకోను" అంటున్నారు. ముళ్ళ మొక్క గుమ్మం ముందు ఉండకూడదని పక్కింటావిడ మాట. మొన్న పాప చెంప గీసుకుపోయింది. ఆ మర్నాడు ఈమె ఎవరికీ చెప్పకుండా ఒక ఎండిన కొమ్మను కోసి చెత్తలో వేశారు. ఆ కొమ్మకు అంటుకుని ఉన్న చీర పేలికను మామయ్య చూశారు. తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు.

"నేను ఈ ఇంటి కోడలినో, ఆ చెట్టు కాపలాదారునో తెలియడం లేదు. తీసేయమనాలా, ఉంచమనాలా? ఎవరితో ఏమని చెప్పాలి?" అని అడిగారు.

సమాధానం

మీ ఉత్తరంలో నన్ను కదిలించింది ఆ చీర పేలిక. ముందు దాని గురించే మాట్లాడతాను, ఎందుకంటే మొక్క కష్టం, ఇంటి కష్టం రెండూ అక్కడే ముడిపడి ఉన్నాయి.

నూలు గుడ్డతో కట్టిన కట్టు ఎండకూ వానకూ నాని, చివికి, ఒకటి రెండేళ్ళలో దానంతటదే తెగిపోతుంది. జార్జెట్ అలా కాదు. ఇప్పుడు వచ్చే జార్జెట్ చీరలు చాలామటుకు పాలియెస్టర్ దారానివే, అవి చివకవు. మీ అత్తయ్య ఉన్నప్పుడు దానివల్ల ఇబ్బంది రాలేదు. ఏటా ఆమే పాత కట్టు విప్పి కొత్తది వేసేవారు కదా. ఇప్పుడు కట్టు అలాగే ఉండిపోయింది, కొమ్మ లావెక్కుతోంది. రెండున్నరేళ్ళలో ఆ పేలికలు బెరడులోకి దిగి ఉంటాయి. కొమ్మలో పైకి వెళ్ళే నీరు, కిందికి దిగే ఆహారం రెండూ ఆ బిగువు దగ్గర తగ్గిపోతాయి. మీరు కోసిన కొమ్మ ఎండిపోవడానికి అదే కారణం కావచ్చు. మరో కొమ్మ మీద పేలిక ఉన్న చోటును పరిశీలించండి. కట్టుకు పైన ఉబ్బి, కింద సన్నగా ఉంటే నా ఊహ నిజమే.

మీ మామయ్య తన భార్య చేతి కట్టును కాపాడుకుంటున్నారు. ఆ కట్టే ఆమె మొక్కను బిగించేస్తోంది. ఈ సంగతి ఆయనకు తెలియదు. తెలిస్తే ఒక్కరోజు కూడా ఊరుకోరని మీ ఉత్తరం చదివితే నాకు అర్థమవుతోంది.

మరి పూలన్నీ పైకెందుకు వెళ్ళిపోయాయి? తీగ గులాబీ అని పిలుస్తాం గాని అది నిజానికి తీగ కాదు. శంఖుపువ్వులా చుట్టుకోదు, కాకరలా నులితీగలు వేయదు. పొడవాటి కొమ్మలు ముళ్ళను ఆసరాగా చేసుకుని దేనిమీదో వాలతాయి. మనం కట్టకపోతే నిటారుగా లేచిపోతాయి. నిటారుగా లేచిన కొమ్మలో కొన చిగురుదే పెత్తనం. అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ, దారిలో ఆకుల మొదట్లో ఉండే చిగురు కళ్ళన్నింటినీ నిద్రపుచ్చుతుంది. అదే కొమ్మను వంచి అడ్డంగా కడితే ఆ పెత్తనం సడలి, ప్రతి కన్నూ మేలుకుని పక్క రెమ్మ వేస్తుంది. ఆ పక్క రెమ్మల చివరే పూలు. కార్తీకం నుంచి ఉగాది దాకా మీ గోడ పొడవునా పూసిన పూలకు కారణం మీ అత్తయ్య వానాకాలపు పనే. ఆమె తర్వాత ఎవరూ వంచి కట్టలేదు కాబట్టి పూలు పైకి ఎగబాకి పక్కింటి బాల్కనీలో చేరాయి.

ఇక ఆ ఏడేసి ఆకుల కొమ్మలు. నర్సరీ గులాబీలు చాలావరకు అంటు మొక్కలే. కింద ఒక అడవి జాతి గులాబీ వేరు, దాని మీద మనకు కావలసిన రకం కన్ను. పై మొక్క నీరసించినప్పుడు కింది జాతి తన సొంత పిలకలు వేస్తుంది. అవి బలంగా పెరిగి, వేరు నుంచి వచ్చే శక్తిని ముందు తామే తీసుకుంటాయి. ఆకుల లెక్క ఒక్కటే చూసి తీర్మానించకండి, మంచి తీగ గులాబీలకూ ఏడేసి ఆకులు రావడం ఉంది. మొదట్లో మట్టిని వేళ్ళతో తవ్వి, కాండం మీద బుడిపెలా ఉబ్బిన అంటు చోటును వెతకండి. ఆ కొమ్మ బుడిపెకు కింది నుంచి పుట్టి ఉంటే అది పిలకే. నేల మట్టానికి కత్తిరిస్తే ఒకటికి మూడు లేస్తాయి. పుట్టిన చోటి దాకా మట్టి తీసి, మొదలంటా పట్టుకుని కిందికి లాగి పెరికేయాలి. బుడిపెకు పైనుంచి వచ్చి ఉంటే మాత్రం దాన్ని ప్రాణంలా చూసుకోండి, రేపటి పూల కొమ్మ అదే.

ఈ మాట మీ మామయ్యకు చేరాలి. ఎవరూ ముట్టుకోకుండా ఇలాగే వదిలేస్తే, మరికొన్నేళ్ళకు అత్తయ్య తెచ్చిన గులాబీ చచ్చిపోయి, దాని కింది అడవి మొక్క మాత్రం మిగలవచ్చు. ఆయన రెండు పూటలా దానికే నీళ్ళు పోస్తూ ఉంటారు.

మనుషుల సంగతికి వస్తాను. ఎండు కొమ్మ కోయడంలో మీ తప్పేమీ లేదు, దాన్ని కోయవలసిందే. అయితే ఆ పేలిక చెత్తలో కనిపించినప్పుడు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో మీరు ఊహించగలరు. ఆ ఒక్క విషయానికి మీరు విచారం చెప్పవచ్చు. తొమ్మిది రోజుల మౌనం న్యాయమని మాత్రం నేను అనను. ఇంట్లో అందరి బాధా మీ మీద దిగిపోతోంది. ఆడపడుచు మీకే ఫోను చేస్తారు, భర్త మీకే చెబుతారు, మామయ్య మీ మీదే అలుగుతారు. తల్లిని పోగొట్టుకున్న ఇద్దరు పిల్లలు, భార్యను పోగొట్టుకున్న ఒక పెద్దాయన తమలో తాము మాట్లాడుకోవలసినవన్నీ మీ ద్వారా మాట్లాడుతున్నారు. ఇది మీరు ఒంటరిగా మోయవలసిన బరువు కాదు. గేటు మాట తండ్రితో ఎత్తవలసింది మీ భర్త. అన్నాచెల్లెళ్ళు ఒకసారి నేరుగా మాట్లాడుకోవాలి. ఈ రెండు మాటలు మీ భర్తతో స్పష్టంగా చెప్పండి. చెబితే ఆయనకు కోపం రావచ్చు. చెప్పకపోతే ఏ నిర్ణయం జరిగినా, రేపు అది మీ నిర్ణయమనే అందరూ అంటారు.

ముళ్ళ మొక్క మాట మీద ఎక్కువ చెప్పను. పాప చెంపకు తగిలింది నిజమైన ఇబ్బంది, కొమ్మలను గేటు వైపు నుంచి మళ్ళిస్తే అది తీరుతుంది. అరిష్టం మాట అన్నవారికి నమస్కారం పెట్టి ఊరుకోండి.

మీ ముందు ఉన్న దారులు నాకు కనిపించినంత వరకు చెబుతాను. మొదటిది, ఈ యేడు ఏమీ చేయకుండా వదిలేయడం. ఇంట్లో గొడవ ఉండదు. మొక్క సంగతి పైన చెప్పాను. మామయ్య ఇంకా మాట్లాడే స్థితిలో లేరని మీకు అనిపిస్తే, కనీసం పేలికలు సడలించడానికి, పిలకలు పెరకడానికి ఆయన ఒప్పుకుంటే చాలు. మిగతాదంతా ఒక ఏడాది ఆగగలదు.

రెండోది, గేటు పని వాయిదా వేసి, తీగను మళ్ళీ దారికి తేవడం. నా మొగ్గు ఇటువైపే, కాని ఇందులో శ్రమ ఉంది, పూర్తి ఫలితానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఇప్పుడు వానలున్నాయి కాబట్టి ఈ ఏడాది వచ్చిన కొత్త కొమ్మలు పచ్చిగా, వంగేలా ఉంటాయి. వాటిని గేటుకు ఎదురు దిశలో, గోడ వెంట వంచండి. ఒక్కసారే పడుకోబెట్టాలని చూస్తే మొదట్లో ఫట్టుమని విరిగిపోతుంది. నా చేతుల్లో అలా విరిగిన ఏడడుగుల కొమ్మ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. వారానికి కొంత చొప్పున మూడు నాలుగు విడతలుగా దించండి. పూర్తిగా అడ్డంగా రాకపోతే ఏటవాలుగా విసనకర్రలా పరిచినా చాలు. బూడిదరంగు బెరడుతో గట్టిపడిన పాత కొమ్మల జోలికి వెళ్ళకండి, అవి వంగవు.

కట్టడానికి ఇనుప కమ్మీల కింద గోడ పొడవునా అడుగున్నరకు ఒకటి చొప్పున మూడు నాలుగు వరుసలు జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగ, లాగించండి. గోడకూ ఆ ఇనుప తీగకూ మధ్య నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. చలి దేశాల పుస్తకాలు గులాబీని వెచ్చని గోడకు ఆనించమంటాయి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఎండ తిన్న గోడ రాత్రి దాకా సెగ కక్కుతుంది. గాలి ఆడే సందు లేకపోతే చిగుళ్ళు మాడతాయి, ఆకుల రసం పీల్చే ఎర్ర నల్లి చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, తర్వాత కొడైకెనాల్‌లో స్థిరపడిన గులాబీ సంకరణకర్త ఎం.ఎస్. వీరరాఘవన్ మణిపూర్ కొండల్లోని అడవి తీగ గులాబీతో సంకరం చేసి వేడి ప్రాంతాలకు తగిన రకాలు సృష్టించడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. మన ఎండకు మన పద్ధతి కావాలి.

కత్తిరింపు వేరు, వంచడం వేరు. కత్తిరింపుకు వానలు వెనకపడే అక్టోబరు దాకా ఆగండి. అప్పుడు కూడా పొడవాటి ప్రధాన కొమ్మల కొనలు తీయకండి. వాటి మీది పక్క రెమ్మలను మాత్రం రెండు మూడు కళ్ళు ఉంచి కోయండి. చచ్చినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేయండి. బాగా ముసలిదైన కొమ్మను ఏడాదికి ఒక్కటి చొప్పున మొదలంటా తీయవచ్చు. కోసిన చోట్ల బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి, లేకపోతే కొన నుంచి కిందికి ఎండుతూ వచ్చే తెగులు పట్టుకుంటుంది. చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు, వేపపిండి రెండు గుప్పిళ్ళు మొదలుకు ఎడంగా వేయండి. కత్తిరించిన ఆరేడు వారాలకు పూత మొదలవుతుంది. ఈ మొదటి ఏడాది గోడ నిండుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

ఇక్కడ మీ మామయ్యకు ఒక గౌరవం దక్కాలి. ఆ తోటమాలిని పంపేయడంలో ఆయనదే సరైన నిర్ణయం. పొద గులాబీని కత్తిరించినట్టు తీగ గులాబీని మోకాలి ఎత్తుకు నరికితే, పూలు పూయాల్సిన కొమ్మలన్నీ పోతాయి. కొన్ని రకాల తీగ గులాబీలు పొద గులాబీ నుంచి ఆకస్మికంగా మారి వచ్చినవి. వాటిని అలా నరికితే మళ్ళీ పొదగానే మారిపోయే ప్రమాదం కూడా ఉంది. మీ భర్త తండ్రితో మాట్లాడేటప్పుడు గేటుతో కాకుండా ఈ మాటతో మొదలుపెట్టమనండి. "నాన్నా, నువ్వు అడ్డుపడకపోతే అమ్మ మొక్క నిరుడే పోయేది" అన్న కొడుకు మాట ఆయన వింటారు. ఆ తర్వాత పేలిక దగ్గరికి తీసుకెళ్ళి, దిగబడిన చోటు చూపించమనండి.

మూడోది, గేటు తప్పనిసరి అనుకుంటే మొక్కను తవ్వి మరోచోట నాటడం. ఎనిమిదేళ్ళ గులాబీ బతకవచ్చు, బతకకపోవచ్చు. రెండు నెలల ముందే చుట్టూ అడుగున్నర దూరంలో కందకంలా తవ్వి వేళ్ళను కోసి, కొత్త వేళ్ళు పుట్టనిచ్చి, డిసెంబరు, జనవరి చలిలో మట్టిగడ్డతో సహా తీయాలి. అలా చేసినా పోయే అవకాశం బాగానే ఉంటుంది. పోతే ఆ నింద ఇంట్లో ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. అందుకే ఈ దారి పట్టేవారు ముందు నాలుగో పని చేసి తీరాలి.

ఆ నాలుగో పని గాలి అంట్లు కట్టడం, అంటే చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేళ్ళు పుట్టించడం. మీరు ఏ దారి ఎంచుకున్నా ఇది ఇప్పుడే చేయండి. వానాకాలం ఇంకా ఉంది. పెన్సిలంత లావున్న కొమ్మను ఎంచుకుని, ఒక అంగుళం మేర చుట్టూ బెరడు ఒలిచి, తడిపిన కొబ్బరి పీచు పొట్టు పెట్టి, పాలిథిన్‌తో చుట్టి రెండు వైపులా కట్టండి. రెండు నెలల్లో లోపల తెల్లటి వేళ్ళు కనిపిస్తే కోసి కుండీలో నాటవచ్చు. నాలుగు కడితే రెండయినా దక్కుతాయన్న ఆశతో నాలుగైదు కట్టండి. అచ్చంగా పూసిన కొమ్మకే కట్టాలి, పిలకకు కట్టకండి. ఇలా వచ్చిన మొక్క తన సొంత వేరు మీద నిలుస్తుంది కాబట్టి దానికి పిలకల బెడద ఉండదు. ఒకటి విజయవాడ ఆడపడుచుకు పంపండి. అక్కడి వేసవికి పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట పెద్ద కుండీలో పెట్టమనండి. తన ఇంట్లో అమ్మ చెట్టు ఉంటే మీ ఇంటి గేటు గురించి ఆమె మాట మెత్తబడవచ్చు. మెత్తబడకపోయినా ఆమెకు మొక్క దక్కుతుంది. ఒకటి మామయ్య గది కిటికీ కింద నాటండి.

మామయ్య నీళ్ళు పోయడం ఆపమని ఎవరూ అనవద్దు. రోజంతటిలో ఆయనకు ఆమెతో గడిచే సమయం అది. వేళ మాత్రం మార్చమనండి. సాయంత్రం ఆకులు తడిస్తే రాత్రంతా ఆరవు, నల్ల మచ్చ తెగులుకు అదే కావాలి. పొద్దున్నే, మొదట్లో మాత్రమే, రెండు మూడు రోజులకోసారి నిండుగా పోస్తే వేళ్ళు లోతుకు దిగుతాయి. సాయంత్రం బకెట్టును కొత్త కుండీల వైపు మళ్ళించవచ్చు, అంట్లు ఉంటే వాటికి ఆయన అవసరం ఉంటుంది.

పేలికలు విప్పే రోజున ఆయన అక్కడ ఉండాలి. గోళ్ళ కత్తెరతో ముడి దగ్గర కోయండి. బెరడులో పాతుకుపోయిన ముక్కను లాగకండి, కొమ్మ చీలుతుంది. దాన్ని అక్కడే వదిలేసి, రెండు వైపులా బిగువు పోయేలా కోస్తే చాలు. వచ్చిన ప్రతి ముక్కనూ ఆయన చేతికే ఇవ్వండి. కొత్త కట్లకు అత్తయ్య నూలు చీర ఏదైనా ఆయన ఇష్టపడి ఇస్తే, ఒకటిన్నర అంగుళాల వెడల్పు పేలికలుగా ఆయననే చింపమనండి. కొమ్మకూ ఇనుప తీగకూ మధ్య 8 అంకెలా మెలిపెట్టి, చిటికెన వేలు దూరేంత వదులుగా కట్టాలి. అత్తయ్య ఎలా కట్టేవారో మీ అందరికంటే ఎక్కువగా చూసింది నిచ్చెన కింద నిలబడిన ఆయనే. ఆయన ఒప్పుకోకపోతే జనపనార తాడు తెచ్చుకోండి, అదీ చివికేదే.

నిచ్చెన ఈసారి మీ భర్త ఎక్కాలి, మామయ్యను ఎక్కనివ్వకండి. మోచేతుల దాకా వచ్చే తోలు తొడుగులు రెండు జతలు కొని, ఒకటి మామయ్యకు ఇవ్వండి. ఆయనకు మధుమేహం ఉందని రాశారు కాబట్టి ముల్లు గుచ్చుకుంటే చిన్నదేలే అని వదిలేయకుండా ఆ రోజే కడిగి, మందు రాసి, రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.